కిరీటాలు రెండు, పెత్తనం ఒకరిది: రాణి రెండో మేరీ కథ

2023 మే 6న మూడో చార్లెస్ పట్టాభిషేకాన్ని మనవాళ్ళు ఏ దేశంలో ఉన్నా టీవీలోనో ఫోన్‌లోనో కాసేపైనా చూసే ఉంటారు. రాజు పక్కన కెమిల్లా కూడా కిరీటం పెట్టుకుంది. అయితే పాలన గురించి ప్రమాణం చేసింది రాజు ఒక్కడే. చట్టాలకు ఆమోదముద్ర అతనిదే, నాణేల మీద బొమ్మ అతనిదే. రాజుగారి భార్య కాబట్టి ఆమె రాణి, అంతే.

అదే వెస్ట్‌మినిస్టర్ అబేలో 1689 ఏప్రిల్ 11న జరిగిన పట్టాభిషేకం తీరు వేరు. ఆరోజు భార్యాభర్తలిద్దరూ పాలకులుగానే ప్రమాణం చేశారు. ఇంగ్లండ్ రాజులు తరతరాలుగా కూర్చునే పాత చెక్క కుర్చీ ఒక్కటే ఉండేది. ఇద్దరు పాలకులు వచ్చేసరికి రెండో కుర్చీని కొత్తగా చేయించాల్సి వచ్చింది. అది ఇప్పటికీ అబేలోనే భద్రంగా ఉంది. అందులో కూర్చున్న ఆవిడే రెండో మేరీ. ప్రొటెస్టెంట్లను తగలబెట్టించిన మొదటి మేరీ ఈమె కాదు, తల నరికించుకున్న స్కాట్లండ్ రాణి మేరీ కూడా కాదు. ఈ పేర్ల గందరగోళంలో మరుగున పడిపోయిన మేరీ ఈమె. భర్త మూడో విలియం.

ఇంగ్లండ్ చరిత్రలో ఒకే సింహాసనాన్ని ఇద్దరూ సమాన హోదాలో ఏలిన జంట వీళ్ళదే. మొదటి మేరీ భర్త ఫిలిప్‌ను కూడా రాజనే పిలిచారు గానీ, అధికారం ఆవిడ చేతిలోనే ఉండేది. ఇక్కడ దానికి తలకిందులు. హక్కు భార్యది, పెత్తనం భర్తది. ఆ పెత్తనం మీద పార్లమెంటు వేసిన కళ్ళెం మాత్రం ఇద్దరికీ పడింది. ఈ రెండు పంపకాలూ ఒకే రోజున, ఒకే కాగితం మీద జరిగాయి.

మేనబావతో పెళ్ళి

మేరీ 1662 ఏప్రిల్ 30న లండన్‌లోని సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లో పుట్టింది. తండ్రి జేమ్స్, అప్పటి రాజు రెండో చార్లెస్‌కు సొంత తమ్ముడు. తల్లి ఆన్ హైడ్ రాచకుటుంబం పిల్ల కాదు. లాయరుగా మొదలై రాజుగారి ముఖ్యమంత్రి స్థాయికి ఎదిగిన ఎడ్వర్డ్ హైడ్ కూతురు. వాళ్ళకు ఎనిమిది మంది పిల్లలు పుడితే పెద్దయ్యేదాకా దక్కింది ఇద్దరే: మేరీ, ఆమె చెల్లెలు ఆన్. మేరీకి తొమ్మిదేళ్ళు నిండకముందే తల్లి పోయింది. రెండేళ్ళ తర్వాత తండ్రి ఇటలీలోని మోడెనా నుంచి పదిహేనేళ్ళ రాకుమారిని రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఆ సవతి తల్లికీ మేరీకీ వయసులో తేడా నాలుగేళ్ళే.

అసలు చిక్కు మతంతో వచ్చింది. జేమ్స్ కాథలిక్ మతంలోకి మారాడు. అప్పటి ఇంగ్లండ్‌లో ఆ మాటే జనాన్ని భయపెట్టేది. కాథలిక్ రాజు అంటే పక్కనున్న ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీలా పార్లమెంటును పక్కనబెట్టి తన ఇష్టప్రకారం ఏలేవాడని వాళ్ళ లెక్క. పెదనాన్న చార్లెస్‌కు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే తమ్ముడి కూతుళ్ళిద్దరినీ ప్రొటెస్టెంట్లుగానే పెంచాలని కచ్చితంగా చెప్పి, రిచ్‌మండ్ ప్యాలెస్‌లో వేరే సంరక్షకురాలి దగ్గర ఉంచాడు. చార్లెస్‌కు భార్య వల్ల పిల్లలు లేరు. కాబట్టి వరసలో జేమ్స్ తర్వాత సింహాసనం మేరీదే.

ఆమెకు పదిహేనేళ్ళప్పుడు సంబంధం ఖాయం చేశారు. వరుడు డచ్చి దేశానికి సారథి అయిన ఆరెంజ్ వంశపు విలియం. వయసు 27. తల్లి వైపు నుంచి అతనూ ఇంగ్లండ్ రాచకుటుంబం వాడే. మన వరసల్లో చెప్పాలంటే మేరీకి మేనత్త కొడుకు, స్వయానా మేనబావ. ఈ వరస గుర్తుపెట్టుకోండి. తర్వాత విలియం ఎవరి సింహాసనం మీదకు వచ్చాడో ఆ జేమ్స్ అతనికి మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా.

పెళ్ళి మాట చెప్పగానే ఆ అమ్మాయి ఆ పూటంతా ఏడ్చింది, మర్నాడూ ఏడ్చింది. ఆమెది దాదాపు ఆరడుగుల ఎత్తు, అందగత్తె, మాటకారి. అతను ఆమెకంటే చాలా పొట్టి, కాస్త గూని, ఉబ్బసం రోగి, మితభాషి. 1677 నవంబర్ 4న, సరిగ్గా అతని పుట్టినరోజునే పెళ్ళి జరిగింది. కొద్ది రోజులకే కొత్త పెళ్ళికూతురు ఓడెక్కి హేగ్ నగరానికి వెళ్ళిపోయింది. భాష తెలియని దేశం, ముభావంగా ఉండే మొగుడు, పదిహేనేళ్ళ వయసు. పెళ్ళయి విమానం ఎక్కి దూరదేశం వెళ్ళిన మన ఆడపిల్లలకు ఆ మొదటి నెలల సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

అయితే ఆమె అక్కడ నిలదొక్కుకుంది. తోటలు వేయించింది, పింగాణీ సేకరించింది. డచ్చి జనం ఆమెను ఇష్టపడ్డారు. క్రమంగా భర్త మీదా ప్రేమ పెంచుకుంది. మొదటి ఏడాదే గర్భం నిలవలేదు. ఆ తర్వాతా పిల్లలు కలగలేదు. ఆ దిగులు ఆమెను చివరిదాకా వదల్లేదు. దానికి తోడు, చిన్నప్పటి తన సంరక్షకురాలి కూతురు ఎలిజబెత్ విలియర్స్‌తో భర్తకు సంబంధం ఉందని తెలిసింది. తన వెంట హేగ్‌కు వచ్చిన పరివారంలో మనిషే ఆమె. ఇంత జరిగినా మేరీ భర్త పక్షం వదల్లేదు. ఎందుకు వదల్లేదో ఈనాటి మనకు అంత సులభంగా మింగుడుపడదు. భార్య భర్తకు లోబడి ఉండాలన్నది ఆమెకు మతం నేర్పిన మాట. దాన్ని ఆమె పైకి చెప్పడమే కాదు, నిజంగానే నమ్మింది.

తండ్రా, భర్తా?

1685లో చార్లెస్ చనిపోయాడు. జేమ్స్ రాజయ్యాడు. మొదట్లో పార్లమెంటు అతనితో సఖ్యంగానే ఉంది, కస్టమ్స్ సుంకాల ఆదాయాన్ని జీవితాంతం రాసిచ్చింది కూడా. మూడేళ్ళలో అంతా చెడింది. పార్లమెంటు చేసిన చట్టాలను రాజు తన మాటతో పక్కనబెట్టడం మొదలుపెట్టాడు. కాథలిక్కులను సైన్యంలో అధికారులుగా పెట్టాడు. ఎదురు చెప్పిన ఏడుగురు బిషప్‌లను జైల్లో వేసి విచారణ జరిపించాడు. జ్యూరీ వాళ్ళను నిర్దోషులని వదిలేస్తే లండన్ వీధుల్లో జనం పండగ చేసుకున్నారు.

అప్పటికి జేమ్స్ వయసు యాభై దాటింది. ఇతని తర్వాత మేరీ వస్తుంది కదా, అంతవరకూ ఓపిక పడదాం అనుకున్నవాళ్ళే ఎక్కువ. 1688 జూన్ 10న ఆ ఓపికా పోయింది. సవతి తల్లికి మగబిడ్డ పుట్టాడు. మగపిల్లాడు పుడితే అక్కలు వెనక్కి వెళ్ళాల్సిందే. ఇక కాథలిక్ రాజుల వరస మొదలైనట్టే. రాణికి అసలు కాన్పే కాలేదనీ, పక్క వెచ్చచేసే ఇత్తడి పాత్రలో దాచి ఎవరి బిడ్డనో లోపలికి తెచ్చారనీ పుకారు పుట్టింది. ఆ పుకారు పచ్చి అబద్ధం. కాన్పు గదిలో బోలెడంతమంది సాక్షులున్నారు. కానీ మేరీ దాన్ని నమ్మడానికే మొగ్గింది. కాన్పు ఎలా జరిగింది, ఎవరెవరు చూశారు అంటూ చెల్లెలికి ప్రశ్నల పట్టికే రాసి పంపింది. తండ్రికి ఎదురు నిలబడాలంటే ఆ బిడ్డ తన తమ్ముడు కాదనుకోవడం ఆమె మనసుకు అవసరమైంది.

ఏడుగురు ఇంగ్లిష్ ప్రముఖులు సైన్యంతో రమ్మని విలియంకు రహస్యంగా ఉత్తరం రాశారు. అతనికీ తన లెక్కలు తనకున్నాయి. ఫ్రాన్స్‌తో పోరులో ఇంగ్లండ్ డబ్బు, నౌకలు కావాలి. నవంబర్ 5న ఇంగ్లండ్ నైరుతి తీరంలో టోర్‌బే దగ్గర దిగాడు. జేమ్స్ వైపు సైన్యాధికారులు ఒక్కొక్కరే జారుకున్నారు. చిన్న కూతురు ఆన్ కూడా తండ్రిని వదిలి వెళ్ళిపోయింది. డిసెంబర్‌లో జేమ్స్ రాజముద్రను థేమ్స్ నదిలో పారేసి పారిపోబోయి పట్టుబడ్డాడు. రెండోసారి పారిపోయేటప్పుడు విలియం మనుషులు చూసీ చూడనట్టు వదిలేశారు. జేమ్స్ ఫ్రాన్స్ చేరాడు. మేరీ అప్పటికి ఇంకా హేగ్‌లోనే ఉంది. భర్త గెలవాలనీ, తండ్రి ప్రాణానికి ఏమీ కాకూడదనీ ఒకేసారి ప్రార్థనలు చేస్తోంది.

సింహాసనం ఎవరిది?

1689 జనవరిలో పార్లమెంటు సభ్యులు సమావేశమయ్యారు. సింహాసనం ఖాళీ అయిందా, లేదా? అయితే ఎవరికివ్వాలి? మేరీ ఒక్కతినే రాణిని చేద్దామన్నాడు ప్రభువుల సభలో పెద్ద నాయకుడు డాన్బీ. న్యాయం ప్రకారం అదే దగ్గరి దారి. ఆ సంగతే ఆమెకు ఉత్తరం రాశాడు. ఆమె మండిపడింది. తాను విలియం భార్యననీ, తనకూ భర్తకూ మధ్య ఎవరూ పోటీ పెట్టవద్దనీ జవాబిచ్చి, ఆ రెండు ఉత్తరాలనూ భర్తకే పంపేసింది. విలియం కూడా భార్య కొంగు పట్టుకుని ఉండే రాజుగా ఉండనన్నాడు. తాత్కాలిక రాజప్రతినిధిగా కూడా ఉండనన్నాడు. అలా అయితే వెనక్కి వెళ్ళిపోతానన్నాడు. అతను పోతే జేమ్స్ తిరిగొస్తాడన్న భయం అందరికీ ఉంది.

నిజానికి ఈ సమస్య భార్యాభర్తల మధ్య ముందే తేలిపోయింది. హేగ్‌లో వాళ్ళ దగ్గర చేరిన గిల్బర్ట్ బర్నెట్ అనే మతాచార్యుడు ఈ సంగతి తర్వాత రాసుకున్నాడు. నువ్వు రాణివైతే నీ భర్త స్థానం ఏమిటని అతను అడిగితే, ఆమెకు ఆ ప్రశ్నే అప్పటిదాకా తట్టలేదు. తట్టాక, అధికారం ఆయనకే ఇస్తానంది. భార్య కింద పనిచేయాల్సి వస్తుందన్న బెంగ విలియంకు పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉందట, నోరు తెరిచి మాత్రం ఎన్నడూ అడగలేదట. ఇద్దరు మనుషులు ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉండి అసలు మాట ఒక్కటి మాట్లాడుకోకపోవడం రాజుల ఇళ్ళలోనే జరుగుతుందని అనుకోనక్కర్లేదు.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. ఇద్దరూ రాజు, రాణి. ఇద్దరి పేర్లతో పాలన. కానీ అధికారం వినియోగించేది విలియం ఒక్కడే. ఒకరు పోతే మిగిలినవారు కొనసాగుతారు. ఆ తర్వాత మేరీ పిల్లలు, వాళ్ళు లేకపోతే ఆన్, ఆమె పిల్లలు. దీనివల్ల నష్టపోయింది ఆన్. అక్క ముందు పోతే సింహాసనం తనదే కావాలి, అదిప్పుడు బావ తర్వాతి మాట అయింది. ఆమె ఒప్పుకుంది. ఆ సంగతి మనసులో పెట్టుకుంది కూడా.

ఫిబ్రవరి 12న మేరీ లండన్ చేరింది. తండ్రి ఖాళీ చేసిన వైట్‌హాల్ ప్యాలెస్ గదుల్లో నవ్వుతూ తిరిగిందని చూసినవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. తండ్రి కొంప కూల్చి నవ్వుతోందన్న నింద ఆ తర్వాత ఎన్నేళ్ళయినా పోలేదు. దిగులుగా కనబడితే జనం తప్పుగా అర్థం చేసుకుంటారని, సంతోషంగా ఉండమని భర్తే చెప్పాడు. ఆమె చెప్పినట్టు చేసింది, కాస్త ఎక్కువే చేసింది.

మర్నాడు, ఫిబ్రవరి 13న, బాంక్వెటింగ్ హౌస్‌లో ఇద్దరికీ కిరీటం ఇవ్వజూపారు. వైట్‌హాల్ వీధిలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. 1649లో వాళ్ళిద్దరికీ తాత అయిన మొదటి చార్లెస్‌ను ఆ భవనం బయటే, పార్లమెంటుతో పోరాడి ఓడినందుకు తల నరికారు. అదే చోట మనవరాలికీ మనవడికీ కిరీటం ఇవ్వడానికి ముందు హక్కుల ప్రకటన చదివి వినిపించారు. రాజు తనంతట తాను చట్టాలను ఆపకూడదు. పార్లమెంటు ఒప్పుకోకుండా పన్ను వేయకూడదు. పార్లమెంటు ఒప్పుకోకుండా శాంతికాలంలో సైన్యాన్ని పోషించకూడదు. ఎన్నికలు స్వేచ్ఛగా జరగాలి. సభలో మాట్లాడినదానికి ఎవరినీ కోర్టుకీడ్చకూడదు. ఆ డిసెంబర్‌లో ఇదే హక్కుల బిల్లుగా చట్టమైంది. క్రూరమైన శిక్షలు కూడదన్న అందులోని మాట వందేళ్ళ తర్వాత అమెరికా రాజ్యాంగం ఎనిమిదో సవరణలో దాదాపు అలాగే దిగింది. మన పార్లమెంటు సభ్యులకు సభలో వాక్‌స్వాతంత్ర్యం ఇచ్చే 105వ అధికరణానికీ మూలం వెతికితే ఇక్కడికే వస్తాం.

దీని రెండో ముఖం కూడా చెప్పుకోవాలి. కాథలిక్కులు గానీ, కాథలిక్కులను పెళ్ళాడినవాళ్ళు గానీ సింహాసనం ఎక్కకూడదని అదే చట్టం రాసింది. పెళ్ళి మీద ఉన్న నిషేధం 2015లో గానీ పోలేదు. కాథలిక్ రాజు కాకూడదన్న నిబంధన నేటికీ ఉంది.

కాగితం మీది మాటలకు బలం ఇచ్చింది డబ్బు. జేమ్స్‌కు జీవితాంతం ఇచ్చిన కస్టమ్స్ ఆదాయాన్ని ఈ దంపతులకు నాలుగేళ్ళకు మాత్రమే ఇచ్చారు. సైన్యంలో క్రమశిక్షణ చట్టాన్ని స్వల్పకాలానికే చేసి, మళ్ళీ మళ్ళీ పార్లమెంటు దగ్గరకే రావాలన్నారు. అవతల ఫ్రాన్స్‌తో యుద్ధం. అందుకే 1689 నుంచి పార్లమెంటు సమావేశం కాని ఏడాది లేదు. అంతకుముందు రాజుకు నచ్చకపోతే ఏళ్ళ తరబడి పిలిచేవాడే కాదు.

పట్టాభిషేకం రోజున తండ్రి దగ్గర్నుంచి శపిస్తూ ఉత్తరం వచ్చింది. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ కిరీటం పెట్టడానికి నిరాకరించాడు. లండన్ బిషప్ కాంప్టన్ ఆ పని చేశాడు. వాళ్ళ పెళ్ళి జరిపించిందీ ఆయనే.

1690: ఒంటరి వేసవి

అధికారం భర్తకు వదిలేశాను, ఇక ప్రార్థనలు, తోటలు, కుట్లు అల్లికలు చాలు అనుకుంది మేరీ. అలా సాగలేదు. జేమ్స్ ఫ్రెంచి సాయంతో ఐర్లండ్‌లో దిగాడు. విలియం అక్కడికి వెళ్ళాలి. రాజు దేశంలో లేనప్పుడు పాలించేదెవరు? రాణి పాలించవచ్చని 1690లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. తొమ్మిది మంది మంత్రులను సలహాకు పెట్టి జూన్‌లో విలియం బయల్దేరాడు. ఆ తొమ్మిది మందిలో ఒకరికొకరికి పడదు. వాళ్ళలో కొందరు జేమ్స్‌తో రహస్యంగా ఉత్తరాలు నడుపుతున్నారన్న అనుమానం. ఆమెకు 28 ఏళ్ళు. పాలన అంటే ఏమిటో అంతవరకూ ఎవరూ నేర్పలేదు.

జూన్ 30న బీచీ హెడ్ దగ్గర ఇంగ్లిష్, డచ్చి నౌకాదళాన్ని ఫ్రెంచివాళ్ళు ఓడించారు. ఇంగ్లిష్ కాలువ శత్రువు చేతికి పోయింది. ఫ్రెంచి సైన్యం ఏ రోజైనా దిగొచ్చు, ఉన్న సైన్యమంతా ఐర్లండ్‌లో ఉంది. మేరీ బెదరలేదు. స్థానిక దళాలను పిలిపించింది, లండన్ వర్తకులను అప్పు అడిగింది, ఓడిన అడ్మిరల్ టోరింగ్టన్‌ను టవర్ జైలుకు పంపింది. కుట్రదారులన్న అనుమానంతో అరెస్టు చేసినవారిలో క్లారెండన్ ప్రభువు ఒకడు. అతను ఆమె తల్లికి తోడబుట్టినవాడు, సొంత మేనమామ. అయినా ఆ జాబితా నుంచి అతని పేరు తీయించలేదు.

జూలై 1న ఐర్లండ్‌లో బాయ్న్ నది దగ్గర ఒక ఒడ్డున భర్త, ఎదుటి ఒడ్డున తండ్రి. ముందు రోజే ఒక ఫిరంగి గుండు విలియం భుజాన్ని రాసుకుంటూ పోయింది. ఆ వార్త, గెలుపు వార్త కొన్ని రోజుల తేడాలో ఆమెకు చేరాయి. తండ్రి ప్రాణాలతో ఫ్రాన్స్‌కు తిరిగి పారిపోయాడని తెలిశాక గానీ ఆమె ఊపిరి పీల్చుకోలేదు. తండ్రికి హాని జరగకుండా చూడమని భర్తకు రాస్తూనే ఉంది. ఆ వేసవిలో ఆమె భర్తకు రాసిన ఉత్తరాలు మిగిలాయి. ఈ పని చేశాను, తప్పయితే చెప్పండి, మంత్రులు ఇలా అంటున్నారు, మీరెప్పుడొస్తారు అన్న ధోరణిలో సాగుతాయి. నేర్పున్న మనిషే, కానీ తన మీద తనకు నమ్మకం లేదు. సెప్టెంబర్‌లో అతను రాగానే తాళాలు అప్పగించినట్టు అధికారం మొత్తం అప్పగించేసి పక్కకు తప్పుకుంది.

తర్వాతి ఏళ్ళలోనూ అదే వరస. యుద్ధం కోసం అతను ఏటా నెలల తరబడి యూరప్‌లో. ఇక్కడ నియామకాలు, ఆదేశాలు, గొడవలు అన్నీ ఆమె నెత్తిన. అతను రాగానే మళ్ళీ మామూలే. మొత్తం కలిపితే ఆమె ఒంటిచేత్తో ఏలింది రెండున్నరేళ్ళ పైమాటే. 1692 మే నెలలో బార్‌ఫ్లూర్, లా హోగ్ దగ్గర ఫ్రెంచి నౌకాదళాన్ని ఇంగ్లండ్ దెబ్బతీసినప్పుడు కూడా పాలనలో ఉన్నది ఆమే. గాయపడి వచ్చిన నావికులను చూశాక గ్రీనిచ్‌లో వాళ్ళకోసం ఆసుపత్రి కట్టాలని పట్టుబట్టింది. వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్. పాత రాణిగారి భవనం నుంచి నది కనబడకుండా అడ్డు కట్టవద్దని ఆమె చెప్పడం వల్లే ఆ కట్టడం మధ్యలో ఖాళీతో రెండు భాగాలుగా ఉంటుంది. పిల్లలను గ్రీనిచ్ తీసుకెళ్ళేవాళ్ళు పడవ దిగగానే ఆ ఖాళీలోంచి చూడండి. వర్జీనియాలో ఉన్న మన కుటుంబాలకు విలియమ్స్‌బర్గ్‌లోని విలియం అండ్ మేరీ కాలేజీ తెలిసే ఉంటుంది. 1693లో దానికి అనుమతి పత్రం ఇచ్చింది ఈ ఇద్దరే. థామస్ జెఫర్సన్ అక్కడే చదివాడు.

మచిలీపట్నం అద్దకం

ఈమె కథలో మనకు సూటిగా తగిలే సంగతి ఒకటుంది. హాలండ్ నుంచి మేరీ రెండు ఇష్టాలు వెంట తెచ్చుకుంది. ఒకటి నీలి తెలుపు పింగాణీ, రెండోది భారతదేశపు అద్దకం బట్టలు. హాంప్టన్ కోర్ట్ గదులను వాటితో నింపింది. రాణిగారిని చూసి గొప్పింటి ఆడవాళ్ళు, వాళ్ళను చూసి మామూలు జనం మొదలుపెట్టారని రచయిత డేనియల్ డిఫో తర్వాత రాశాడు. అక్కడ ఆ బట్టను అతను ఊరి పేరుతోనే పిలిచాడు: మచిలీపట్నం చీంట్లు. అప్పట్లో డచ్చివాళ్ళకూ ఇంగ్లిష్‌వాళ్ళకూ ఆ రేవులో వర్తక స్థావరాలుండేవి. కృష్ణా తీరంలో మనవాళ్ళు అద్దిన రంగులు ఇంగ్లండ్ రాణి ఇంట్లో ఫ్యాషన్ అయ్యాయి. ఎంతగా అంటే, ఉన్ని, పట్టు నేతగాళ్ళ గోల భరించలేక పార్లమెంటు 1700లో రంగు అద్దిన బట్టల దిగుమతినీ, 1721లో వాటి వాడకాన్నీ చాలావరకు నిషేధిస్తూ చట్టాలు చేసింది. రాణి ఇష్టం ఒకటి, పార్లమెంటు చట్టం ఒకటి. నెగ్గింది ఎవరో చెప్పక్కర్లేదు.

అక్కాచెల్లెళ్ళ మధ్య మాత్రం సంధి కుదరలేదు. 1692 జనవరిలో విలియం, మార్ల్‌బరో అనే సేనాధిపతిని పదవి నుంచి తీసేశాడు. అతని భార్య శారా ఆన్‌కు ప్రాణస్నేహితురాలు. ఆమెను దూరం పెట్టమని అక్క చెప్పింది. చెల్లెలు ససేమిరా అంది. ఆన్‌కు కాపలా భటులను కూడా తీసేశారు. ఆ వసంతంలో ఆన్‌కు పుట్టిన బిడ్డ వెంటనే చనిపోతే మేరీ చూడటానికి వెళ్ళింది. అక్కడా శారా మాటే ఎత్తింది. బిడ్డ పోయిన మంచం దగ్గర ఆ మాట ఎత్తకుండా ఉండాల్సింది. అక్కాచెల్లెళ్ళు కలుసుకోవడం అదే ఆఖరు.

1694 డిసెంబర్

1694లో మేరీ చేతుల మీదుగా నడిచిన వేసవిలోనే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పుట్టింది. 12 లక్షల పౌండ్లు పోగుచేసి ప్రభుత్వానికి 8 శాతం వడ్డీకి అప్పివ్వడం దాని మొదటి పని. పన్నెండు రోజుల్లోపే ఆ డబ్బంతా పోగయింది. అంతకుముందు రాజులకు అప్పిస్తే తిరిగొస్తుందన్న నమ్మకం ఉండేది కాదు. ఇప్పుడు పన్నుల మీద పట్టు పార్లమెంటుది కాబట్టి జనం ధైర్యం చేశారు. అధికారం వదులుకున్న రాజుకు అప్పు పుట్టడం తేలికైంది. మూడేళ్ళకొకసారి ఎన్నికలు జరపాలన్న చట్టాన్ని 1693లో విలియం వీటో చేశాడు. డబ్బు అవసరం మెడమీద ఉండటంతో 1694 డిసెంబర్ 22న ఒప్పుకున్నాడు.

ఆ రోజుకే మేరీ జబ్బుపడి ఉంది. మశూచి. లక్షణాలు కనబడగానే, ఇంట్లో ఇంతకుముందు ఆ జబ్బు రానివాళ్ళందరినీ కెన్సింగ్టన్ ప్యాలెస్ నుంచి పంపేసింది. ఒక రాత్రి తలుపేసుకుని తన కాగితాలు చాలావరకు కాల్చేసింది. విలియం తల్లినీ తండ్రినీ కూడా మశూచే తీసుకుపోయింది. అతను ఆమె గదిలోనే మడత మంచం వేయించుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ మొహంలో ఏమీ కనబడనివ్వని మనిషి అందరి ముందూ ఏడ్చాడు. డిసెంబర్ 28న ఆమె చనిపోయింది. ఆమె వదిలిన ఉత్తరం చదివాక అతను ఎలిజబెత్ విలియర్స్‌తో సంబంధం తెంచుకున్నాడు. ఫ్రాన్స్‌లో తండ్రి తన ఇంట్లో ఎవరూ సంతాపం పాటించవద్దన్నాడు.

1695 మార్చి 5న అంత్యక్రియలు జరిగాయి. హెన్రీ పర్సెల్ సంగీతం కట్టాడు. ఆ ఏడాది చివర్లో ఆయనా పోయాడు. శవపేటిక వెంట రెండు సభల సభ్యులూ నడిచారు. ఇంగ్లండ్‌లో అలా జరగడం అదే మొదటిసారి. కారణం ఏమంటే, రాజు చనిపోతే ఆ రాజు పిలిచిన పార్లమెంటు కూడా రద్దయ్యేది. పాలకుల్లో ఒకరు బతికి ఉన్నారు కాబట్టి ఈసారి పార్లమెంటు బతికే ఉంది. రాణిని సాగనంపడానికి వచ్చింది.

విలియం మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఏడేళ్ళు ఒంటరిగా ఏలి 1702 మార్చి 8న చనిపోయాడు. బట్టలు తీసేటప్పుడు ఒంటికి నల్ల రిబ్బనుతో కట్టుకున్న మేరీ ఉంగరం, వెంట్రుకల పాయ కనబడ్డాయి. ఆ తర్వాత ఆన్ రాణి అయింది. ఆమె భర్త డెన్మార్క్ జార్జ్‌ను రాజును చేయాలని ఎవరూ పట్టుబట్టలేదు.

మేరీ, విలియం అబేలో ఒకే నేలమాళిగలో ఉన్నారు. పైన పెద్ద సమాధి కట్టడమేమీ లేదు. అబే మ్యూజియంలో మాత్రం వాళ్ళ మైనపు బొమ్మలు నిలువెత్తున ఉన్నాయి. పక్కపక్కన నిలబెడితే భర్త మరీ పొట్టిగా కనబడతాడని కాబోలు, విలియం బొమ్మను చిన్న పీట మీద నిలబెట్టారు.